చుట్టిన చూపు, నిలిచిన చోటు

విడివిడిగా తీసిన అనేక ఛాయాచిత్రాలను అంచుల దగ్గర కలిపి అతికి, ఒకే విశాల ప్రకృతి దృశ్యంగా చూపే చిత్రాన్ని పనోరమా అంటారు. నేడు సెల్‌ఫోను సైతం ఈ పనిని క్షణాలలో చేసిపెడుతున్నందువల్ల అది ఒక సాంకేతిక సౌకర్యంగా మాత్రమే కనబడుతుంది గాని, భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి తలపడిన రెండు ప్రశ్నలు దానిలో ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉన్నాయి. భాగాలు కలిసినప్పుడు ఏర్పడేది భాగాల కూడిక మాత్రమేనా, లేక ఏ ఒక్క భాగంలోనూ లేని ఏకత్వం గల మరొక వస్తువా అన్నది మొదటి ప్రశ్న. చుట్టూ ఉన్నదంతా చూపిన చూపు సమగ్రమైన చూపు అవుతుందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నపై న్యాయ, బౌద్ధ దర్శనాల మధ్య నడిచిన వాదం ప్రసిద్ధమే. రెండవదానికి జైనులు చెప్పిన సమాధానం అంతకంటె పదునైనది, అయితే దానిని పనోరమాకు అన్వయించబోయేవారు తలకిందులుగా అన్వయించే ప్రమాదం చాలా ఉంది.

ఈ ప్రక్రియకు పేరు తెచ్చినది ఫొటోగ్రఫీ కాదు, చిత్రలేఖనం. ఐర్లండులో పుట్టి ఎడిన్‌బరోలో స్థిరపడిన రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు, ఒకేచోట నిలిచి చుట్టూ తిరుగుతూ చూసిన దృశ్యాన్ని గుండ్రని తెరపై, ఆ తెర వంపు కంటికి తెలియకుండా గీసే పద్ధతికి 1787లో పేటెంటు పొందాడు. అప్పటికి పనోరమా అన్న మాట ఇంకా వాడుకలోకి రాలేదు. 'ఒక్క చూపులో ప్రకృతి' అని అర్థమిచ్చే ఫ్రెంచి పేరును అతడు తన పద్ధతికి పెట్టుకున్నాడు. 1793లో లండన్‌లోని లీస్టర్ స్క్వేర్‌లో అతడు తెరిచిన గుండ్రని భవనంలో ప్రేక్షకులు చీకటి దారి గుండా నడిచి నడిమి వేదిక పైకి ఎక్కేవారు. తెర పై అంచు గాని, కింది అంచు గాని కనబడకుండా, వెలుతురు ఎక్కడి నుంచి పడుతున్నదో తెలియకుండా అక్కడ ఏర్పాటు ఉండేది. చట్రం లేని చిత్రాన్ని చూసేవాడు అది చిత్రమన్న సంగతి మరచిపోతాడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అయితే పేటెంటులోని ఆ పేరు మాత్రం నిజం కాదు. గుండ్రని తెరను ఒక్క చూపులో చూడగల మనిషి లేడు. చూడాలంటే తిరగాలి, తిరిగితే వెనుకపడిన సగం జ్ఞాపకంగా మారుతుంది, ముందున్న సగాన్ని ఆ జ్ఞాపకంతో కలుపుకొంటూ పోవాలి. ఆ విధంగా చూస్తే పనోరమా పుట్టుకలోనే ఒక అతుకు ఉన్నది, ఆ అతుకు వేసేది ప్రేక్షకుడే.

ఫొటోగ్రఫీ 1839లో లోకానికి వెల్లడైన తరువాత పదేళ్లు తిరగకముందే ఈ ఆలోచన దానిలోకి ప్రవేశించింది. చార్లెస్ ఫాంటేన్, విలియం పోర్టర్ అనే ఇద్దరు 1848లో అమెరికాలోని సిన్సినాటి నగరపు నదీతీరాన్ని ఎనిమిది వెండిపూత రేకులపై వరుసగా తీసి, పక్కపక్కన పేర్చి చూపారు. ఆ రేకుల మధ్య చట్రపు గీతలు దాగలేదు, దాచాలని ఎవరూ ప్రయత్నించలేదు కూడా. అతుకు పూర్తిగా మాయం కావాలన్న కోరిక కంప్యూటరు కాలానికి చెందినది, అది తీరినదీ ఈ కాలంలోనే. బొంతలో అతుకు కనబడడం తప్పు కాదు, కనబడకపోవడమే వింత. నేటి పనోరమాలో మాత్రం అతుకు కనబడితే అది పనితనంలో లోపమని లెక్క.

దార్శనిక చర్చకు ముందు ఈ పనిలో ఉన్న మెలకువను తెలుసుకోవాలి, ఎందుకంటే వాదమంతా ఆ మెలకువ మీదనే ఆధారపడుతుంది. కడప జిల్లాలో ఎర్రమల కొండలను కోసుకొంటూ పెన్నా నది పారే గండికోట లోయ అంచున ఒక ఫొటోగ్రాఫరు ట్రైపాడ్ నిలిపాడనుకుంటే, అతడి ఫ్రేములో కాలి దగ్గరి బండరాళ్లు, ఎదుటి గట్టు మీది రాతి పొరలు రెండూ ఉంటాయి. కెమెరాను ట్రైపాడ్ మర చుట్టూ తిప్పితే లెన్సు కొద్దిగా పక్కకు జరుగుతుంది. జరిగినందువల్ల దగ్గరి బండ దూరపు గట్టుతో పోలిస్తే ఒక ఫ్రేములో ఒకచోట, మరుసటి ఫ్రేములో ఇంకొక చోట ఉన్నట్లు కనబడుతుంది. చూసే చోటు మారినందువల్ల దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకదానితో ఒకటి పొసగకుండా జరిగే ఈ స్థానభేదాన్ని పారలాక్స్ అంటారు. దీనిని తొలగించడానికి కెమెరాను లెన్సులోని ఎంట్రన్స్ ప్యూపిల్, అనగా ముందు నుంచి చూసినప్పుడు వెలుతురు లోపలికి పోయే రంధ్రంగా కనబడే దాని కేంద్రం, చుట్టూ తిప్పాలి. ఫొటోగ్రాఫర్లు చాలామంది ఆ బిందువును నోడల్ పాయింట్ అని పిలుస్తారు గాని ఆ పేరు సరైనది కాదు. ఫ్రేముకు ఫ్రేముకు మధ్య దాదాపు మూడవ వంతు దృశ్యం రెండింటిలోనూ పడేలా తీయడం, ఎక్స్‌పోజరును, ఫోకస్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను మొదట్లోనే ఖాయం చేసి మధ్యలో మార్చకపోవడం ఈ పనిలోని తక్కిన నియమాలు. ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టరును వాడకూడదన్నది కూడా వీటిలో ఒకటి, ఎందుకంటే సూర్యుడికి తొంభై డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశంపైనే అది గట్టిగా పనిచేస్తుంది కనుక విశాల చిత్రంలో ఆకాశం మధ్య ఒక నల్లని పట్టీ ఏర్పడుతుంది.

ఆ పైన జరిగేది లెక్క. పక్కపక్క ఫ్రేములలో ఒకేలా కనబడే చిన్న చిన్న గుర్తులను, అంటే రాతి మూలలను, కొమ్మల చీలికలను, కంప్యూటరు వెదుకుతుంది. దృశ్యం తిరిగినా, పెద్దదైనా, చిన్నదైనా గుర్తుపట్టగలిగేలా ఆ గుర్తులను వర్ణించే పద్ధతిని డేవిడ్ లో అనే కంప్యూటరు శాస్త్రవేత్త 1999లో ప్రకటించి 2004లో విస్తరించాడు. దొరికిన జతలలో తప్పు జతలు అనేకం ఉంటాయి కనుక, కొన్నింటిని యాదృచ్ఛికంగా తీసుకొని ఒక ఊహ చేసి, తక్కిన జతలలో ఎన్ని ఆ ఊహకు అనుకూలిస్తాయో చూసి, ఎక్కువ సమ్మతి గల ఊహను నిలుపుకొనే పద్ధతిని వాడుతారు. ఇది 1981 నాటిది. ఎన్ని ఫ్రేములున్నా వాటిలో ఏవి ఒక దృశ్యానికి చెందినవో మనిషి చెప్పకుండానే గుర్తించే పద్ధతిని 2003లో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో కలిసి చూపారు. చివరకు రంగుల తేడాను పోగొట్టడానికి, ఆకాశం వంటి విశాలమైన మార్పులను వెడల్పుగాను, గడ్డిపోచల వంటి సన్నని వివరాలను ఇరుకుగాను కలిపే పద్ధతి ఉన్నది. దానిని 1983లో బర్ట్, ఏడెల్సన్ రూపొందించారు. ఈ పద్ధతులన్నీ కలిసి తయారుచేసే వస్తువు ఏమిటన్నదే ఇక తేల్చవలసినది.

న్యాయ, వైశేషిక దర్శనాల ప్రకారం భాగాలను అవయవాలని, వాటితో ఏర్పడిన వస్తువును అవయవి అని అంటారు. దారాలు అవయవాలు, వస్త్రం అవయవి. వస్త్రం దారాలకంటె వేరైన నిజమైన ద్రవ్యం, అది దారాలలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. అవయవి లేదంటే పరమాణువులు తప్ప మిగిలేది లేదు, పరమాణువులు కంటికి కనబడవు, కాబట్టి లోకంలో ఏదీ కనబడకూడదని న్యాయసూత్రాలు వాదిస్తాయి. కుండను ఒకచోట పట్టి ఎత్తితే కుండంతా లేస్తుంది కనుక అది ఒకటే వస్తువని మరొక యుక్తి చూపుతాయి. ఈ సిద్ధాంతంపై బౌద్ధులు చేసిన దాడులలో వసుబంధుడు, కనబడేదంతా జ్ఞానమే తప్ప బాహ్యవస్తువు కాదన్న విజ్ఞప్తిమాత్రతను స్థాపించే తన వింశతికలో చేసినది ప్రకృతి దృశ్యానికి సూటిగా తగులుతుంది. కంటికి కనబడే నేల విభాగం లేని ఒకే వస్తువైతే, దానిపై మనిషి క్రమంగా నడవడం కుదరదు, ఒక్క అడుగు వేస్తే మొత్తం చేరినట్లే కావాలి. ముందు వైపు కనబడుతూ వెనుక వైపు కనబడకపోవడం కూడా కుదరదు. ఏనుగులు, గుర్రాలు అక్కడక్కడ విడివిడిగా నిలిచి ఉండడానికి వీలుండదు, ఒకటి ఉన్నచోటనే రెండవదీ ఉన్నట్లవుతుంది. ఫ్రేము ఫ్రేముగా లోయను చుట్టివచ్చే కెమెరా ఈ వాదాన్ని ఆచరణలో చూపుతున్నదనే చెప్పాలి. క్రమం లేకుండా దృశ్యాన్ని అందుకోవడం దానికి సాధ్యం కాదు.

ఈ ఆక్షేపణకు నైయాయికుడు తడబడతాడని అనుకోనవసరం లేదు, ఎందుకంటే ప్రకృతి దృశ్యం అవయవి అని అతడు ఏనాడూ అనలేదు. కొండ ఒక ద్రవ్యం, చెట్టు ఒక ద్రవ్యం, నీరు మరొక ద్రవ్యం. ఇవన్నీ కలిసి ఇంకొక ద్రవ్యాన్ని పుట్టించవు. సేనను, అడవిని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఈ సందర్భంలోనే చర్చించాడు: దూరం నుంచి చూసినప్పుడు చెట్టుకు చెట్టుకు ఉన్న భేదం తెలియక అడవి ఒకటిగా తోస్తుంది, అంతేగాని అడవి అనే ద్రవ్యం లేదు. ప్రకృతి దృశ్యం అడవి వంటిది. అయితే అచ్చువేసిన పనోరమా కాగితం మాత్రం నిస్సందేహంగా ఒక అవయవి. ఒక మూల పట్టి ఎత్తితే అంతా లేస్తుంది. చూపబడిన దానిలో లేని ఏకత్వం చూపే కాగితానికి ఉన్నది కనుకనే, ప్రేక్షకుడు కాగితపు ఏకత్వాన్ని తనకు తెలియకుండానే లోయకు అంటగడతాడు. ఈ పొరపాటు పనోరమాకే పరిమితం కాదు, చట్రంలో బిగించిన ప్రతి చిత్రానికీ ఉన్నదే; పనోరమాలో అది మరీ పెద్దదవుతుంది.

వైశేషికులు ఇక్కడ మరొక సాధనాన్ని కూడా అందిస్తారు, దానిని వాడుకోకపోవడం నష్టం. రెండు, మూడు మొదలైన సంఖ్యలు వస్తువులలో ఉన్న గుణాలే అయినా, 'ఇది ఒకటి, ఇది ఒకటి' అని లెక్కించే బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే అవి పుడతాయని, ఆ బుద్ధి నశిస్తే అవీ నశిస్తాయని వారి సిద్ధాంతం. ఆ బుద్ధికి అపేక్షాబుద్ధి అని పేరు. మనస్సు లేనిదే పుట్టదు గాని మనస్సు ఇష్టప్రకారం కల్పించినదీ కాదు, ఎందుకంటే రెండు కుండలు ఉన్నచోట మూడు అన్న సంఖ్య పుట్టదు. పనోరమాలోని దృశ్యపు ఏకత్వానికి ఇంతకంటె సరిపోయే వర్ణన దొరకదు. అతికేవాడు లేకుండా అది లేదు. అయినా గండికోట ఫ్రేములను పాపికొండల ఫ్రేములతో అతకమంటే కంప్యూటరు జతలు దొరకలేదని తిరస్కరిస్తుంది. విఫలం కాగలిగిన ఏకత్వాన్ని కేవల కల్పన అనడం సబబు కాదు.

బౌద్ధులు అంతటితో ఊరుకోరు. ధర్మకీర్తి, అతడి తరువాత అవయవి నిరాకరణమనే గ్రంథం రాసిన పండిత అశోకుడు లేవనెత్తిన యుక్తి ఒకటి అతుకు దగ్గర అక్షరాలా ఎదురవుతుంది. చెయ్యి కదిలి శరీరం కదలకుండా ఉంటే, ఒక భాగం కప్పబడి మరొక భాగం కప్పబడకుండా ఉంటే, ఒకచోట రంగు పడి మరొకచోట పడకుండా ఉంటే, కదలడం-కదలకపోవడం వంటి విరుద్ధ ధర్మాలు రెండూ ఒకే వస్తువుకు ఎలా చెందుతాయని వారు అడిగారు. పాపికొండల నడుమ గోదావరిపై సాగే లాంచీని ఊహించుకుంటే, మొదటి ఫ్రేములో అది ఎడమ ఒడ్డు దగ్గర ఉంటుంది, రెండవ ఫ్రేము తీసేసరికి నది మధ్యకు వస్తుంది. రెండింటిని కలిపితే ఒకే లాంచీ రెండుచోట్ల కనబడుతుంది, లేదా సగం కరిగిపోయిన నీడలా కనబడుతుంది. అతికేవారి భాషలో దానిని ఘోస్ట్ అంటారు. దాన్ని పోగొట్టాలంటే అతుకు గీతను లాంచీ చుట్టూ వంచి, ఒక ఫ్రేములోని లాంచీని ఉంచి రెండవదానిని తుడిచివేయాలి. రెండు ఫ్రేములూ సత్యమే చెప్పాయి, అయినా ఒక చిత్రం తయారుకావడానికి వాటిలో ఒక సత్యాన్ని బలిపెట్టవలసి వచ్చింది. ధర్మకీర్తి కోరినది ఈ అంగీకారమే.

రంగు విషయంలో నైయాయికుల సమాధానం మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ఎన్నో రంగుల దారాలతో నేసిన వస్త్రానికి రంగేమిటని అడిగితే, చిత్రరూపం అనే ప్రత్యేకమైన ఒక రంగు ఉన్నదని వారు చెప్పారు. 17వ శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం అనే ఆరింటి సరసన చిత్రాన్ని ఏడవ రంగుగా లెక్కించాడు. వస్తువు ఏకత్వాన్ని నిలుపుకోవడానికి ఒక కొత్త రంగునే ఒప్పుకోవలసి వచ్చిందంటే ఆ సిద్ధాంతం ఎంత బరువు మోస్తున్నదో తెలుస్తుంది. నవ్య నైయాయికులలో కొందరు ఆ బరువును దించివేయడం ఆశ్చర్యం కాదు. రెండు ఫ్రేముల ఆకాశాలను కలిపినప్పుడు అతుకు ప్రాంతంలో ఏర్పడే నీలం ఆ రెండు ఫ్రేములలో దేనిలోనూ లేని నీలం. అది ఉన్నదా లేదా అన్న వాదాన్ని పండితులకు వదిలివేసినా, ఆ నీలాన్ని ఏ కెమెరా చూడలేదన్న సంగతి మాత్రం మిగులుతుంది.

కాలం దగ్గర సమస్య ఇంకొంచెం లోతుకు పోతుంది. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నాబ్ హిల్ మీద ఒక భవనపు బురుజు నుంచి నగరాన్ని చుట్టూ పదమూడు పెద్ద గాజు పలకలపై తీశాడు. పక్కపక్కన పరిస్తే అవి 17 అడుగులకు పైగా పొడవుంటాయి. ఇళ్ల నీడలను పట్టి చూసేవారికి ఆ పలకలు గంటల తేడాతో తీసినవని అర్థమవుతుంది. నాసా వారి క్యూరియాసిటీ రోవర్ 2019 నవంబరు 24 నుంచి డిసెంబరు 1 వరకు అంగారకునిపై వెయ్యికి పైగా ఫ్రేములు తీసి పంపగా, వాటిని అతికి దాదాపు 180 కోట్ల పిక్సెళ్ల పనోరమాను తయారుచేశారు. నీడలు పొసగడానికి నాలుగు రోజులపాటు అక్కడి మధ్యాహ్నం పన్నెండుకు, రెండుకు మధ్య మాత్రమే కెమెరాలను పనిచేయించారు. నాలుగు మధ్యాహ్నాలను ఒకే మధ్యాహ్నంగా మలచడం అన్నమాట. ఆ దృశ్యం ఆ రూపంలో ఏ క్షణంలోనూ లేదు, ప్రతి వస్తువూ క్షణికమేనన్న బౌద్ధుడికి ఇందులో వింత ఏమీ కనబడదు.

వేర్వేరు క్షణాలలో కలిగిన అనుభవాలను 'అప్పుడు చూసినదీ ఇప్పుడు చూస్తున్నదీ ఒకడినే' అని కలిపే క్రియను నైయాయికులు ప్రతిసంధానం అని పిలిచి, ఆత్మ ఉన్నదనడానికి దానిని ముఖ్యమైన హేతువుగా చూపారు. అందుకు ఆత్మ అక్కరలేదని, ముందు క్షణం తన సంస్కారాన్ని మరుసటి క్షణానికి అందిస్తూ పోయే ప్రవాహం చాలునని బౌద్ధుల జవాబు. ఆ ప్రవాహానికి సంతానం అని పేరు. అతికే పనిలో ఈ రెండు పద్ధతులకు దగ్గరివి రెండూ ఉన్నాయి. మొదటి ఫ్రేమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతచేస్తూ పోవడం సంతానం వంటిది. మొదటి ఫ్రేముకు, ఆరవ ఫ్రేముకు మధ్య నేరుగా ఏ గుర్తూ ఉమ్మడిగా ఉండదు. చిన్న చిత్రానికి ఇది చాలు. పూర్తి వలయం తీసినప్పుడు మాత్రం ప్రతి అతుకులోని చిన్న దోషం పేరుకొని, చివరి ఫ్రేము మొదటిదానిని కలుసుకోవలసిన చోట నేల పొసగకుండా పోతుంది. అప్పుడు అన్ని ఫ్రేముల కోణాలను ఒకేసారి లెక్కలోకి తీసుకొని దోషాన్ని వాటన్నింటికీ పంచే బండిల్ అడ్జస్ట్‌మెంట్ అనే లెక్క అవసరమవుతుంది. దీనితో ఆత్మ సిద్ధించిందనడం అతిశయోక్తి అవుతుంది, ఎందుకంటే ఆ లెక్క కూడా యంత్రంలో జరిగే ఒక సంఘటనే. అయితే పొరుగుతో మాత్రమే సంబంధం ఉన్న గొలుసుకు, మొత్తాన్ని ఎదుట పెట్టుకొని చేసే సవరణకు నిజమైన తేడా ఉన్నదన్న నైయాయికుల పట్టుదలకు ఇది బలమిస్తుంది. మెదడు కూడా కళ్లు తెచ్చిన ముక్కలను ఇలాగే అతికి లోపల ఒక పనోరమా తయారుచేస్తుందని తరచుగా వినబడే మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. అటువంటి చిత్రాన్ని లోపల దాచుకోవలసిన పని లేదని, కావలసినప్పుడు కన్ను తిప్పి చూడడానికి లోకమే బయట సిద్ధంగా ఉన్నదని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కెవిన్ ఓ రెగన్ 1992లో గట్టిగా వాదించాడు.

ఇక రెండవ ప్రశ్న: చుట్టూ ఉన్నదంతా చూపిన చూపు సమగ్రమవుతుందా? ఒకే సత్యాన్ని అనేక దృక్కోణాల నుంచి చూడవచ్చునని, ఏ ఒక్క దృక్కోణమూ పూర్ణం కాదని జైనుల అనేకాంతవాదం. ఏనుగును తడిమిన అంధుల కథ దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. అనేక ఫ్రేములు కలిసి ఒక సంపూర్ణ దృశ్యం అవుతున్నందున పనోరమాను అనేకాంతానికి చక్కని ప్రతీకగా చెప్పాలనిపించడం సహజం. అది పొరపాటు. పనోరమాలో ఫ్రేములు అనేకం గాని దృక్కోణం ఒకటే. లెన్సు కేంద్రం వెంట్రుకవాసి జరగకూడదన్న నియమం మీదనే అది నిలబడింది. అంధులు ఒక్కొక్కరు ఒక్కొక్క చోట నిలబడినవారు, కనుక వారి అనుభవాలను ఏ యంత్రమూ అతుకు తెలియకుండా అతకలేదు.

ఇందులో ఉన్న గణితం ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కెమెరా ఒకే బిందువు చుట్టూ తిరిగినంతకాలం, ఒక ఫ్రేమును మరొకదానిపై పొసగించడానికి వస్తువులు ఎంత దూరంలో ఉన్నాయో తెలియనక్కరలేదు. కాలి దగ్గరి బండ, ఐదు మైళ్ల అవతలి శిఖరం ఒకే సూత్రానికి లొంగుతాయి. ఆ సౌలభ్యానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఆ విధంగా అతికిన చిత్రంలో దూరాన్ని గురించిన సమాచారం ఏమాత్రం ఉండదు. బండ దగ్గర, శిఖరం దూరం అని చూసేవాడు తన లోకానుభవాన్ని బట్టి ఊహించుకుంటాడు, అంతే. దూరం తెలియాలంటే చోటు మారాలి, చోటు మారితే పారలాక్స్ వస్తుంది, పారలాక్స్ వస్తే అతుకు చెడుతుంది. మనిషికి రెండు కళ్లు ఉన్నందువల్ల లోతు తెలియడానికి గాని, సర్వే చేసేవారు రెండు చోట్ల నుంచి గురి చూసి దూరాన్ని కట్టడానికి గాని కారణం పొసగకపోవడమే. పనోరమా తీసేవాడు దోషమని పారద్రోలేది, లోతును తెలుసుకోదలచినవాడికి సాక్ష్యం. రెండు చోట్ల నుంచి చూసినవారి మధ్య వచ్చే విభేదాన్ని చెరిపివేస్తే ఏకత్వం వస్తుంది, దానితోపాటు లోతు పోతుంది.

ఇటువంటి సందర్భానికి జైన తార్కికులు తగిన విభాగం చేసి పెట్టారు. ఒక దృక్కోణం నుంచి చెప్పే మాటకు నయం అని పేరు, అది తప్పు కాదు. ఆ దృక్కోణమే సర్వమని, ఇతరమైనది లేదని నిరాకరిస్తే అది దుర్నయం. ఒక అపేక్షలో ఇది ఇట్లు ఉన్నదని హద్దు తెలిసి చెప్పేది ప్రమాణం. హేమచంద్రుని స్తోత్రం, దానిపై మల్లిషేణుడు 13వ శతాబ్దం చివర రాసిన స్యాద్వాదమంజరి ఈ మూడింటి భేదాన్ని వివరిస్తాయి. 360 డిగ్రీల పనోరమా ఒక నయం. 'ఇక్కడ ఉన్నదంతా ఇదే' అని దాని కింద రాసినప్పుడు అది దుర్నయం అవుతుంది; వెడల్పు పెరిగినకొద్దీ ఆ ప్రలోభం కూడా పెరుగుతుంది, ఎందుకంటే చట్రం గల చిన్న చిత్రం తనకు వెలుపల మరేదో ఉన్నదని తానే ఒప్పుకొంటుంది, అంచులేని చిత్రం అది కూడా ఒప్పుకోదు.

చరిత్రలో ఈ ప్రలోభం భారతదేశం మీదనే బలంగా పనిచేసింది. టిప్పు సుల్తాను మరణించిన 1799 నాటి శ్రీరంగపట్నం ముట్టడిని రాబర్ట్ కెర్ పోర్టర్ 120 అడుగుల పొడవైన పనోరమాగా గీయగా 1800లో లండన్‌వాసులు గుంపులుగా వెళ్లి చూశారు; చిత్రకారుడు శ్రీరంగపట్నాన్ని కంటితో చూసినవాడు కాదు. 1858లో ఫెలీచే బియాటో సిపాయిల తిరుగుబాటు అణచివేత తరువాత లక్నోను ఎత్తయిన కట్టడాల మీది నుంచి వరుస ఫ్రేములుగా తీశాడు. అతడి పనితనంలో లోపం లేదు, భవనాలు, గుమ్మటాలు, శిథిలాలు ఉన్నవి ఉన్నట్లు పడ్డాయి. అయితే కెమెరా నిలబడినది గెలిచిన సైన్యం చేతికి వచ్చిన మేడ మీద. నగరం అన్ని దిక్కులా కనబడుతుంది గాని, కిందనున్న వీధి నుంచి ఆ మేడ ఎలా కనబడిందో ఆ చిత్రంలో ఏ మూలనూ కనబడదు. చుట్టూ చూసిన చూపు తాను నిలిచిన చోటును మాత్రం చూపలేదు. కెమెరా తాను నిలిచిన నేలను తీయజాలదు కనుక ట్రైపాడ్ ఉన్న గుండ్రని ఖాళీని నేటి ఫొటోగ్రాఫర్లు ఒక ముద్రతోనో, పక్కనున్న గడ్డితోనో పూడ్చివేస్తారు.

పనోరమా అసత్యమన్న నిర్ణయానికి ఈ చర్చ దారితీయదు. బౌద్ధుడు చెప్పినట్లు దాని ఏకత్వం వస్తువులో లేదు, నైయాయికుడు పట్టుబట్టినట్లు ఇష్టం వచ్చినట్లు కల్పించుకున్నదీ కాదు, జైనుడు హెచ్చరించినట్లు అది ఒకే చోటి నుంచి చేసిన ప్రకటన. తన హద్దును తానే చెప్పినప్పుడు అది ప్రమాణం కాగలదు, అటువంటి ఉదాహరణ కూడా ఉన్నది. ఆపర్చునిటీ రోవర్ 2018 మే 13 నుంచి జూన్ 10 వరకు అంగారకునిపై పర్సెవరెన్స్ లోయలో తీసిన 354 ఫ్రేములను అతికి, ఆ రోవర్ చివరి పనోరమాగా నాసా విడుదల చేసింది. గ్రహాన్నంతటినీ కమ్మిన ధూళి తుపానులో సూర్యరశ్మి అందక రోవర్ మూగబోయేలోగా ఆకుపచ్చ, ఊదా ఫిల్టర్లతో తీయడానికి వ్యవధి చాలక, ఎడమ వైపు కింది మూలలో కొన్ని ఫ్రేములు నలుపు తెలుపులోనే మిగిలాయి. వాటికి పొరుగు ఫ్రేముల నుంచి రంగు పూయడం కష్టమైన పని కాదు. అయినా పూయలేదు, ఎందుకు రంగు లేదో కారణాన్ని చిత్రంతోపాటే రాశారు.

తెలుగు పత్రికలు, పర్యాటక శాఖలు, మ్యూజియములు కొండల, కోటల, ఆలయాల పనోరమాలను ఇప్పుడు విరివిగా ప్రదర్శిస్తున్నాయి. ఆ చిత్రాల కింద స్థలం పేరు, ఫొటోగ్రాఫరు పేరు మాత్రమే కాక, కెమెరా ఎక్కడ నిలిచింది, మొదటి ఫ్రేముకు చివరి ఫ్రేముకు మధ్య ఎంత సమయం గడిచింది, అతికేటప్పుడు ఏమి తుడిచివేశారు అన్న మూడు వివరాలను కూడా అచ్చువేయాలి. అవి రెండు పంక్తులలో ఇమిడే వివరాలే.